ఎద్దుకో న్యాయం, పుంజుకో న్యాయమా?

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరి, వాళ్లలో ఒక్కరైనా గోదావరి జిల్లాల మనిషి అయితే, డిసెంబరు చివరికల్లా ఒక ఫిర్యాదు వినిపించి తీరుతుంది. "మంగళూరు వైపు దున్నపోతుల్ని పరిగెత్తిస్తే సంస్కృతి. మదురైలో ఎద్దు మూపురం పట్టుకుని వేలాడితే వీరత్వం. ఇక్కడ రేస్ కోర్సులో గుర్రం మీద డబ్బు కడితే హోదా. మేం పుంజుని బరిలో దించితే మాత్రం పోలీసు జీపు!" 2023 నవంబరు 25, 26 తేదీల్లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కంబళ జరిగినప్పటి నుంచి ఈ ఫిర్యాదు ఇంకాస్త గట్టిగా వినపడుతోంది. కరావళి, అంటే కర్ణాటక తీరప్రాంతపు పొలాల బురదలో జరిగే పోటీని లారీల్లో దున్నల్ని తెచ్చి నగరం నడిబొడ్డున పెట్టారు. జనం కుటుంబాలతో వెళ్లి చూసొచ్చారు. మరి మన బరికి ఏమొచ్చింది?

అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే అందులో మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. జంతువుకి బాధ కలుగుతోందా అన్నది మొదటిది. దాని మీద కాసే డబ్బు జూదమా కాదా అన్నది రెండోది. ఇది మా సంప్రదాయం అని చెప్పే అధికారం ఎవరిది అన్నది మూడోది. మూడింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు అధికారులు. గుర్రానికి ఒక ప్రశ్న వేశారు, ఎద్దుకి ఇంకొకటి. పుంజు దగ్గరికి వచ్చేసరికి మూడూ ఒకేసారి మీద పడ్డాయి.

బాధ సంగతితో మొదలుపెడదాం. దీనికి మూలం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. దాని వెనక ఉన్న మనిషి మద్రాసు వాసి, కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభకు నామినేట్ అయిన ఆమె 1950లలో జంతుహింస మీద సొంతంగా ఒక బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 చట్టం. దాని కింద 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ మండలి ఆఫీసు 2018 దాకా చెన్నైలోనే ఉండేది. జల్లికట్టును కోర్టుకి లాగిన సంస్థల్లో ముందున్నది ఈ మండలే. తమిళ సంప్రదాయం మీద ఢిల్లీ దండయాత్ర అని అప్పట్లో చాలామంది అన్నారు గానీ, కేసు వేసిన మండలి చిరునామా చెన్నైదే.

ఈ చట్టంలో జంతు క్రీడలకు సంబంధించి రెండు భాగాలున్నాయి. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. 11వ సెక్షన్ ఏది హింసో చెబుతుంది: కొట్టడం, మోయలేని బరువు వేయడం, తిండి పెట్టకపోవడం వగైరా. వినోదం కోసం ఒక జంతువుని మరో జంతువుతో పోట్లాటకి ఉసిగొల్పడం, అలాంటి పోట్లాటకి స్థలం నడపడం కూడా ఇందులోనే ఉన్నాయి. ఇక 22వ సెక్షన్ ప్రదర్శన జంతువుల గురించి. ఫలానా జంతువుని ప్రదర్శనలో వాడకూడదని కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో చెప్పేయొచ్చు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, గెజిట్‌లో వేస్తే చాలు.

ఆ జాబితా చరిత్ర తమాషాగా ఉంటుంది. 1991లో సర్కస్‌లను దృష్టిలో పెట్టుకుని ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతలతో పాటు కుక్కని కూడా చేర్చారు. సర్కస్‌ల వాళ్లు కోర్టుకెక్కారు, కమిటీ వేశారు, 1998లో కొత్త జాబితా వచ్చింది. కుక్క బయటికొచ్చింది, సింహం లోపలికెళ్లింది. 2011 జూలైలో ఇదే జాబితాలో ఎద్దుని చేర్చారు. పులి, సింహాల సరసన మన ఎద్దు! అప్పటిదాకా జల్లికట్టు ఎలా జరపాలి అన్నదే గొడవ. ఆ ఒక్క మాటతో అసలు జరపొచ్చా అన్నది గొడవైంది. గుర్రాన్ని మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ వేయలేదు.

2014 మే 7న సుప్రీంకోర్టు నాగరాజ కేసులో జల్లికట్టునీ, ఎడ్లబండి పందేలనీ ఆపేసింది. ఎద్దు శరీర నిర్మాణం లాగడానికీ మోయడానికీ సరిపోతుంది గానీ గుర్రంలా పరుగుకి కాదన్నది ఆ తీర్పులోని ఒక వాదన. భయపెడితే, నొప్పి కలిగిస్తే తప్ప అది అలా పరిగెత్తదని. తోక మెలితిప్పడం, కళ్లలో కారం చల్లడం లాంటివి పరిశీలకుల నివేదికల్లో ఉన్నాయి. అయితే ఆ తీర్పులో మన చర్చకి పనికొచ్చే ముక్క వేరే ఉంది. జల్లికట్టుని క్రమబద్ధం చేస్తూ 2009లో తమిళనాడు ఒక చట్టం చేసుకుంది. కోర్టు దాన్ని కొట్టేసింది. జంతుహింస నివారణ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్న అంశం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ ఇద్దరూ చట్టం చేయొచ్చు. రెండూ ఢీకొంటే కేంద్రానిదే పైచేయి. రాష్ట్రం మాట నెగ్గాలంటే దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. 2009 చట్టం ఆ దారిలో వెళ్లలేదు.

2017 జనవరిలో జల్లికట్టు కావాలని చెన్నై మెరీనా ఇసుకలో లక్షలమంది కూర్చున్నాక తమిళనాడు ఈ పాఠాన్ని బాగా ఒంటబట్టించుకుంది. ఈసారి వేరే చట్టం జోలికి పోకుండా, 1960 చట్టాన్నే తమ రాష్ట్రం వరకు సవరించారు. 11, 22 సెక్షన్ల పట్టు జల్లికట్టు మీద ఉండకుండా మినహాయింపు రాసుకున్నారు, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకున్నారు, ఎలా జరపాలో నిబంధనలు పెట్టుకున్నారు. అదే ఏడు కర్ణాటక కంబళ కోసం మొదట ఆర్డినెన్స్, తర్వాత చట్టం తెచ్చింది. మహారాష్ట్ర ఎడ్లబండి పందేలకి అదే చేసింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మూడింటినీ సమర్థించింది. జల్లికట్టు తమిళ సంస్కృతిలో విడదీయరాని భాగమా అన్న చర్చలోకి దిగలేదు. అది తేల్చాల్సింది న్యాయస్థానం కాదు, శాసనసభ ఆ మాట అన్నది కాబట్టి మేం కాదనం అని తేల్చింది. సవరణలూ నిబంధనలూ జంతువుకి బాధని చాలావరకు తగ్గిస్తున్నాయని కూడా అంది. ఈ రెండో మాటని మన పందెంరాయుళ్లు సాధారణంగా వదిలేసి చదువుతారు.

కంబళ గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అది చాలా మందికి తెలిసింది ఒక తప్పుడు లెక్క వల్ల. 2020 ఫిబ్రవరిలో ఐకళ కంబళలో శ్రీనివాస గౌడ అనే భవన నిర్మాణ కార్మికుడు తన దున్నల జోడీతో 142.5 మీటర్లు 13.62 సెకన్లలో పరిగెత్తాడు. ఎవరో త్రైరాశికం వేసి 100 మీటర్లకి 9.55 సెకన్లు అన్నారు. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో పెట్టిన ప్రపంచ రికార్డు 9.58. ఇంకేముంది, దేశమంతా ఊగిపోయింది. అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజు బెంగళూరులోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ట్రయల్స్‌కి పిలిచారు. గౌడ మర్యాదగా వద్దన్నాడు. కంబళలో భారం మడమల మీద ఉంటుంది, ట్రాక్ మీద మునివేళ్ల మీద ఉంటుంది, రెండూ వేరని చెప్పాడు. మొత్తం వ్యవహారంలో తెలివైన మాట ఇదొక్కటే. కొద్ది రోజులకే నిశాంత్ శెట్టి అనే ఇంకో కుర్రాడు 143 మీటర్లు 13.61 సెకన్లలో పూర్తిచేసి, ఆ లెక్క ప్రకారం గౌడని కూడా దాటేశాడు. కొద్ది రోజుల తేడాలో ఒకే జిల్లాల్లో ఇద్దరు బోల్ట్‌లు పుట్టారంటే పొరపాటు కాళ్లలో లేదు, లెక్కలో ఉంది.

పోల్చాలంటే పోల్చడానికి మంచి పరుగు ఒకటుంది. బోల్ట్ 2009లోనే మాంచెస్టర్ వీధిలో వేసిన తిన్నని ట్రాక్ మీద 150 మీటర్లు 14.35 సెకన్లలో పరిగెత్తాడు. అదే త్రైరాశికం వేస్తే అతనికీ 100 మీటర్లకి 9.57 వస్తుంది. కానీ ఆ పరుగులో చివరి 100 మీటర్లు అతను నిజంగా తీసుకున్న సమయం 8.70 సెకన్లు! మొదటి 50 మీటర్లలో మనిషి నిలుచున్న చోటి నుంచి వేగం అందుకోవాలి కాబట్టి అక్కడ సమయం ఎక్కువ పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ నష్టం పంచుకుపోతుంది. అందుకే 142.5ని 100కి కుదిస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. పైగా కంబళలో వేగం దున్నలది. వెనక తాడు పట్టుకున్న మనిషి ఆ వేగానికి పడిపోకుండా, మోకాలి లోతు బురదనీళ్లలో అడుగు తడబడకుండా నిలబడాలి. అదే ఆ ఆటలోని విద్య, అదేం చిన్న విద్య కాదు.

కంబళ అంతా వేగమే అనుకుంటే కూడా పొరపాటే. నేగిలు, హగ్గ అని పరుగు విభాగాలున్నాయి. కెనె హలగె అని ఇంకోటుంది. అందులో మనిషి రంధ్రాలున్న ఒక చెక్క మీద నిలబడతాడు, దున్నలు లాగుతుంటే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి. ట్రాక్‌కి అడ్డంగా ఎత్తున కట్టిన గుడ్డని ఆ నీళ్లు తాకాయా లేదా అన్నదే గెలుపు. పత్రికలు దీని మీద ఒక్క హెడ్డింగూ పెట్టలేదు, బోల్ట్‌తో పోల్చే వీల్లేదు కదా.

చట్టం వైపు చూస్తే కంబళ కేసు జల్లికట్టు కన్నా తేలిక. దున్న పరిగెత్తుతుంది, అంతే. ఎవరూ మీద పడరు. కొరడా ఎంతవరకు అన్నదే తగాదా. బెంగళూరు ఘట్టంలో వచ్చిన కొత్త ప్రశ్న స్థలం గురించి. ఒక ప్రాంతపు సంప్రదాయం అని మినహాయింపు తీసుకుని, ఆ ప్రాంతం దాటించి రాజధానిలో మేళా పెడితే అది ఇంకా సంప్రదాయమేనా? జంతు హక్కుల సంస్థ పెటా ఇదే వాదనతో హైకోర్టుకెళ్లింది. వాదనలో పస లేకపోలేదు. అయితే కర్ణాటక సవరణ జిల్లాల పేర్లు రాసుకోలేదు, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన రోజుల్లో, చోట్లలో అని రాసుకుంది. సంప్రదాయం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే పని మళ్లీ ప్రభుత్వం చేతికే వచ్చింది.

ఇప్పుడు గుర్రం. బెంగళూరు ఆనందరావు సర్కిల్ దగ్గర రాత్రి బస్సు కోసం నిలబడే మనవాళ్లకి రేస్ కోర్సు పక్కనే ఉంటుంది. ఆ ప్రహరీ లోపల జరిగేది చట్టబద్ధం ఎలా అయిందన్న కథ చెన్నైలో మొదలైంది. 1974లో తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలని రద్దు చేస్తూ చట్టం చేసింది. 1986లో మద్రాస్ రేస్ క్లబ్‌నే స్వాధీనం చేసుకోవడానికి ఇంకో చట్టం. క్లబ్ వాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. 1996 జనవరిలో లక్ష్మణన్ కేసులో తీర్పొచ్చింది: గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట, కాబట్టి జూదం కిందికి రాదు. గుర్రం వంశం, శిక్షణ, గత ఫలితాలు, జాకీ సామర్థ్యం, ఇవన్నీ బేరీజు వేసి పందెం కాస్తారు గనక అది అదృష్టం మాత్రమే కాదు అన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ కేసంతా డబ్బు గురించి. గుర్రానికి నొప్పి పుడుతోందా అన్న ప్రశ్న అందులో లేదు. ఎద్దుకి వేసిన ప్రశ్న గుర్రానికి వేయలేదు, గుర్రానికి వేసిన ప్రశ్న ఎద్దుకి అవసరం పడలేదు. గుర్రప్పందెం నైతికంగా మెరుగైనది కాబట్టి నిలబడింది అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఖరీదైన వకీళ్లు, పాత క్లబ్బులు, చక్కటి పద్దు పుస్తకాలు ఉన్న ఆట అది. దానికి ఇప్పుడొస్తున్న ఇబ్బందులు కూడా జంతువు వైపు నుంచి రావట్లేదు. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం గిండీలో క్లబ్ కింద ఉన్న 160 ఎకరాల లీజు రద్దు చేసి స్వాధీనం చేసుకుంది. 1945 నుంచి నడుస్తున్న 99 ఏళ్ల లీజు, మొదట్లో రాసుకున్న అద్దె ఏడాదికి 614 రూపాయలు. బెంగళూరు టర్ఫ్ క్లబ్ లీజు గడువు కూడా 2009లోనే తీరిపోయింది, ఊరి బయటికి పంపాలన్న మాట అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. పందెం మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. స్థలం, అద్దె, పన్ను. వీటి దగ్గరే గుర్రం తడబడుతోంది.

జల్లికట్టు చర్చలో తరచూ వచ్చే ఇంకో మాట ఉంది: ఆట ఆపేస్తే దేశీ జాతులు అంతరించిపోతాయని. పులికులం, కంగాయం ఎద్దుల్ని ఆట కోసమే పోషిస్తున్నారు, ఆట లేకపోతే కబేళాకి పోతాయని. ఇందులో సగం నిజం ఉంది. గెలిచిన ఎద్దుని విత్తనానికి వాడతారు, దానికి ఊళ్లో విలువ ఉంటుంది. మిగతా సగం ట్రాక్టరూ, జెర్సీ సంకరమూ చేసిన పని, దానికి కోర్టుకి సంబంధం లేదు. మన ఒంగోలు జాతినే చూడండి. 19వ శతాబ్దంలో ఇక్కడి నుంచి ఓడెక్కిన పశువులు బ్రెజిల్‌లో నెలోర్ అన్న పేరుతో స్థిరపడ్డాయి. అది మన నెల్లూరే. ఇవాళ ఆ దేశపు పశుసంపదలో అధిక భాగం ఈ రక్తమే. వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా 2023లో వేలంలో అమ్ముడైంది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ దాదాపు 43.8 లక్షల డాలర్లు అని గిన్నిస్ వాళ్లు రికార్డు రాసుకున్నారు. ఏ ఆటా లేకుండానే జాతి అంతగా పెరిగింది, అయితే పెంచింది మాంసం పరిశ్రమ. ఒంగోలు గిత్తని బండలాగుడు పోటీల్లో చూసి మురిసిపోయే మన రైతుకి ఈ ఉదాహరణ చూపించి ఆట అక్కర్లేదని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

పుంజు దగ్గరికొద్దాం. చరిత్ర లేదని ఎవరూ అనరు. పల్నాడులో నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం కథ తెలియని తెలుగువాడు లేడు. అయితే ఆ కథ రాజ్యం పోగొట్టుకోవడంతో, యుద్ధంతో ముగుస్తుందని ఆ గర్వంలో గుర్తుంచుకునేవాళ్లు తక్కువ. ఈకల రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేర్లు, ఏ రోజు ఏ దిక్కున ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం, ఇదంతా మన దగ్గర పెద్ద విద్యే. గుర్రం వంశం చూసి డబ్బు కాయడం నైపుణ్యమైతే, శాస్త్రం చూసి నెమలి మీద కాయడం ఎందుకు కాదు అని భీమవరం వైపు మిత్రుడొకరు అడిగారు. వాదన ముచ్చటగానే ఉంది. కానీ గుర్రం జాతకం గెలుపు ఓటముల రికార్డులో ఉంటుంది, పుంజు జాతకం పంచాంగంలో. కాలికి కత్తి కట్టాక మొదటి దెబ్బ ఎవరిదైతే వారిదే ఆట, చాలాసార్లు నిమిషాల్లో ముగుస్తుంది. అక్కడ నైపుణ్యం అని కోర్టుని ఒప్పించడం కష్టం. అందుకే పోలీసులు సాధారణంగా జూదాన్ని నిషేధించే గేమింగ్ చట్టం, జంతుహింస చట్టం రెండింటి కిందా కేసు పెడతారు.

అసలు చిక్కు అది కూడా కాదు. ఎద్దు సమస్య 22వ సెక్షన్ జాబితా నుంచి వచ్చింది, దున్న కూడా ఆ ఎద్దు వెనకే ఇరుక్కుంది. పుంజు సమస్య 11వ సెక్షన్‌లోనే ఉంది. జల్లికట్టులో మనిషి జంతువుతో తలపడతాడు, కంబళలో జంతువు పరిగెత్తుతుంది, కోడిపందెంలో జంతువుని జంతువు మీదికి వదులుతారు. చట్టం దీన్ని పేరు పెట్టి మరీ నేరం అంది. గోవాలో ఎద్దుల పోట్లాట, ధిరియో, తరాలనాటి వేడుకే. అయినా 1990లలో హైకోర్టు ఆపేసింది. అసోంలో మాఘ బిహు పండుగకి దున్నల పోరు జరుపుకోవచ్చని అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇస్తే, 2024 డిసెంబరులో గువాహటి హైకోర్టు వాటిని కొట్టేసింది. చట్టం నేరం అన్నదాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో ఒప్పు చేయలేరు. దానికి శాసనసభ కావాలి, రాష్ట్రపతి సంతకం కావాలి.

తమాషా ఏమిటంటే, ఇంత కఠినంగా కనిపించే 11వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 1960లో రాసిన అంకెలు అలాగే ఉన్నాయి. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు. ఒక బరిలో ఒక పందెం మీద లక్షలు చేతులు మారే చోట ఈ 50 రూపాయలు ఎవరిని ఆపుతాయి? సంక్రాంతి మూడు రోజులూ షామియానాలు, ఫ్లడ్ లైట్లు, ఎల్ఈడీ తెరలతో బరులు నడవడానికి ఇదొక కారణం. రెండో కారణం అందరికీ తెలుసు: బరి దగ్గర ముందు వరస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో పత్రికల ఫొటోల్లోనే ఉంటుంది.

ఈ ముందు వరస వాళ్లే అసెంబ్లీలోనూ కూర్చుంటారు కదా, మరి తమిళనాడులా సవరణ ఎందుకు తేలేదు? నా ఊహ ఇది. సవరణ తెస్తే నిబంధనలు రాయాలి. 2023 తీర్పు నిలబెట్టింది బాధని తగ్గించిన ఆటల్ని. అంటే మొదట కత్తి తీసేయాలి. కత్తి లేని డింకీ పందెం మన దగ్గర ఉన్నదే, కానీ అది గంటసేపు సాగుతుంది, చూసేవాడికి ఓపిక కావాలి. అప్పటికీ 11వ సెక్షన్ మినహాయింపు కోర్టులో నిలుస్తుందన్న గ్యారంటీ లేదు. నిలిచినా అది బాధ సంగతి మాత్రమే తేలుస్తుంది, పందెం సంగతి గేమింగ్ చట్టం కిందే ఉంటుంది. డాక్టరు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన పుంజులు, కత్తి లేదు, పై పందేలు లేవు, పక్కన గుండాటా లేదు. ఫిర్యాదు చేసే మిత్రుడికి ఇదంతా వివరించి, ఇలాంటి పందేనికి అనుమతి వస్తే సంక్రాంతికి వెళ్తారా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "దానికంటే ఇక్కడ కంబళే నయం కదండీ" అన్నారు.